వేరు మట్టితో సహా

కాటా కాడ కంప్యూటరు మళ్ళీ పోయింది.

పోయిందంటే ఎవరూ ఎత్తుకుపోలా. బల్ల మీదే ఉంది. తెర నల్లబడింది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వరసలు వరసలుగా పడ్డాయి. ఇంక ఏ బొత్తాం నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మనవైపు అన్నిటికీ ఒకటే మాట. కరెంటు పోయింది, చేను పోయింది, మనిషి పోయాడు. పగలు దాని ముందు కూర్చుని చీటీలు కొట్టే ఖైరున్నీసా కూడా ఆ మాటే అంది.

"పోయిందండీ."

అని సంచీలో ఫోను కోసం చెయ్యి పెట్టింది. అక్షరాలు ఫొటో తియ్యమని కంప్యూటర్లు బాగుచేసే కోటేష్ చెప్పిపోయాడు. ఫోను అన్నం గిన్నె కింద పడుంది. అది దొరికేలోపల పక్క గదిలోంచి నాగేంద్రబాబు లేచొచ్చాడు. ఆయన ఆ కాటాకి గుమాస్తా. వస్తానే కిందికి వంగి యూపీఎస్ బొత్తాం నొక్కేశాడు. తెర చీకటైపోయింది. అక్షరాలూ పోయాయి.

"అయ్యో, ఫొటో తీసేదాన్నిగా!"

"ఫొటో ఏందమ్మా, దానికేమన్నా పెళ్ళిచూపులా? బయట లారీ చూడు."

కాటా మీద పత్తి లారీ ఉంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యట్లా. వెనకమాల మిరప ట్రాక్టర్లు రోడ్డు దాకా ఉన్నాయి. పెదకాకాని పోయే దారిలో కోల్డ్ స్టోరేజీ పక్కనే ఉండే కాటా అది. ఇనప పలక మీదికి బండి ఎక్కితే, గదిలో కిటికీ పక్కన ఉండే పెట్టెలో ఎర్రటి అంకె పడిద్ది. ఆ పెట్టె నుంచి ఒక వైరు కంప్యూటరులోకి పోయిద్ది. కంప్యూటరు చీటీ కొట్టిద్ది. పత్తికైనా, మిరప టిక్కీకైనా ఆ చీటీ చెప్పిందే బరువు. కాయ తొక్కి కుట్టిన గోతాన్ని టిక్కీ అంటారు ఇక్కడ.

నాగేంద్రబాబు తిరిగి బొత్తాం నొక్కాడు. కంప్యూటరు లేస్తా ఉంది.

"రాత్రిళ్ళు మా బావమరిది కూర్చుంటాడు. ఒక్క రాత్రన్నా పోయిందా? నువ్వు కూర్చుంటేనే పోయిద్ది. చెయ్యి తల్లీ, చెయ్యి. కొంతమంది చెయ్యి అంతే."

"నా చేతికేమైందండీ?"

"నాకేం తెలుసు, నీకే తెలియాలి. యలమందయ్య గారితో చెప్పా. ఇంకొక్కసారి పోయిందంటే పగలు కూడా మావాడే కూర్చుంటాడు. నీకు కల్లాల్లో మిరప తొడిమలు తీసే పని ఉండనే ఉందిగా."

ఖైరున్నీసా చేతులు బల్ల కింద పెట్టుకుంది. తొడిమలు తీసే పని ఏందో ఆమెకి తెలుసు. ఆ చేతుల్తో ఇంటికి పోయి పిల్ల మొహం తుడవకూడదు. సబ్బు పెట్టి ఎంత కడిగినా సరే, అన్నం కలుపుకుంటే వేళ్ళ సందుల్లో మంట లేస్తది.

తన చేతి సంగతి కూడా ఆమెకి తెలుసు. అదే ఎవరికీ చెప్పలా. అంతకు ముందే కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరుకి యూపీఎస్ ఉంది గానీ అంకెల పెట్టెకి లేదు. కరెంటు పోయి వస్తే పెట్టెలో అంకె సరిగ్గానే ఉండిద్ది, కంప్యూటరులో మాత్రం ముందు పోయిన బండి బరువే అతుక్కుని కూర్చుంటది. చీటీలో బరువు చేత్తో కొట్టకూడదని యజమాని యలమందయ్య మాట. అప్పుడు ఖైరున్నీసా బల్ల కిందికి వంగి, కంప్యూటరు వెనక ఉన్న వైరు పీకి మళ్ళీ గుచ్చిద్ది. చాలాసార్లు అంకె కదులుద్ది. ఒక్కోసారి మాత్రం ఇదిగో, ఇట్లా మొత్తం పోయిద్ది.

లారీ డ్రైవరు కిటికీలో తల పెట్టాడు.

"ఏమ్మా, మేము ఇక్కడే పత్తి ఏకమంటావా?"

"ఐపోయిందన్నా, పలక దిగి నిలబడు," అంది ఖైరున్నీసా. చీటీ కొట్టింది.

సాయంత్రం కోటేష్ మోటారు సైకిలు మీద వచ్చాడు. బ్రాడీపేటలో వాడిది చిన్న కొట్టు. ఆ కంప్యూటరు పెట్టింది వాడే. కంప్యూటరుని లోపల నుంచి నడిపించేది ఒకటి ఉండిద్దంట. డబ్బు పెట్టి కొనుక్కునే రకం ఉంది, ఊరికే ఇచ్చే రకం ఉంది. ఊరికే వచ్చేది పెట్టమన్నాడు యజమాని యలమందయ్య. దాన్ని తయారు చేసేవాళ్ళు ఒక ఊరివాళ్ళు కాదు. ఎక్కడెక్కడో ఉంటారు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేస్తారు. లోపల ఏముందో దాపరికం లేదు, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఏదన్నా తేడా చేస్తే వాళ్ళకి కబురు రాయాలి. రాస్తే దిద్దుతారు.

"మొన్న నాగేంద్రబాబు గారు రాశారుగా, జవాబు వచ్చింది," అన్నాడు కోటేష్. నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏమన్నారు?" అన్నాడు నాగేంద్రబాబు. ఆయన డిగ్రీ చదివాడు. ఇంగ్లీషులో తనే రాస్తానని కూర్చుని రాశాడు.

"మీరేం రాశారో ముందు చదువుతా. 'సిస్టమ్ ఎక్స్‌పైర్డ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్.' అంతేగా?"

"అంతే. ఏం తప్పుంది?"

"వాళ్ళేమన్నారంటే, 'అయ్యా, మాది ఊరికే ఇచ్చేది, దీనికి గడువు అంటూ ఏమీ లేదు. గడువు తీరిందని మీకు ఎవరు చెప్పారు? మీ కంప్యూటరులో తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి' అన్నారు. అని ఆ సంగతి అంతటితో మూసేశారు."

"గడువేందిరా! పోయింది అని రాశా. మనిషి పోతే ఎక్స్‌పైర్ అయ్యాడనమా? ఫ్లెక్సీల మీద కూడా వేస్తారు!"

"మనం అంటామండీ. వాళ్ళకి ఎక్స్‌పైర్ అంటే మందు సీసా మీద వేసే తేదీ."

కిటికీ అవతల ఎవరో నవ్వారు. హనుమాయమ్మ. దాచేపల్లి అవతల నుంచి మిరపకాయ తోలుకొచ్చిన రైతు. ముందు రోజు రాత్రే ఆమె ట్రాక్టరు కాటా అయింది. చీటీలో బరువు తగ్గిందని ఆమె గోల. మళ్ళీ కాటా పెట్టమంది. ఒకసారి చీటీ ఇస్తే ఇచ్చినట్టే, రెండో కాటా లేదన్నాడు నాగేంద్రబాబు. సరుకు దించనని ట్రాక్టరు వేపచెట్టు కింద పెట్టుకుని అక్కడే కూర్చుంది.

"అబ్బాయ్, పోయిందంటే వాళ్ళకేం తెలుసుద్ది?" అంది హనుమాయమ్మ. "తామర పురుగు పడిన ఏడు మా ఊళ్ళో అందరూ మందుల కొట్టుకి పోయి చేను పోయింది, చేను పోయింది అని నిలబడ్డారు. కొట్టువాడికి అంతకన్నా ఏం కావాలి? ఉన్న సీసాలన్నీ అంటగట్టాడు. నేను మొక్క పీక్కుని పోయా. పై ఆకు ఒకటి తుంచుకుపోలా. వేరు మట్టితో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి పట్టుకుపోయా."

"అదే పిన్నిగారూ," అన్నాడు కోటేష్. "వాళ్ళు అడిగేది కూడా అదే. అక్షరాలు ఫొటో కావాలి. ఏ కంప్యూటరు, దానికి ఏం తగిలించారు, అది కావాలి. పడిపోయే ముందు ఏం చేశారో కావాలి."

"మరి? మందు రాసిచ్చేవాడు కూడా అదే అడుగుతాడు, ముందు రోజు ఏం కొట్టావు అని. అక్కడ మనోళ్ళు అబద్ధం ఆడతారు. సంతలో తెచ్చిన కల్తీ మందు కొట్టి, కొట్టామని చెప్పటానికి సిగ్గు. మొక్క చూపిచ్చి ఏం లాభం, చేసింది దాచుకుంటే?"

ఖైరున్నీసా ప్రింటరు మీద ధూళి చున్నీ కొంగుతో తుడుస్తా ఉంది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

కోటేష్ కంప్యూటరు ముందు కూర్చుని ఏదో చేశాడు. మొదట్లో వచ్చే వరసలే అసలైనవంట. అక్షరాలు పెద్దగా ఉండటం మూలాన అవి పైకి జరిగి కనపడకుండా పోతన్నాయంట. వాడు అక్షరాలని ఆవాలంత చేశాడు.

"అక్కా, ఈసారి పడితే మొత్తం తెరలో పట్టిద్ది. బొత్తాం మాత్రం నొక్కనియ్యబాక. నొక్కితే శవాన్ని చూడకుండా కాల్చినట్టే."

"నొక్కేది నేను కాదుగా తమ్ముడూ," అంది ఖైరున్నీసా.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు దడదడమని లేచింది. కాటా మీద టిక్కీల లారీ ఉంది. అంకెల పెట్టె వెలిగింది. కంప్యూటరులో మాత్రం ముందు పోయిన ఖాళీ ట్రాక్టరు బరువు కదలకుండా ఉంది.

ఖైరున్నీసా వైరు వంక చూసింది. పీకకుండా కూర్చుంటే కంప్యూటరు పోదు. తన పనీ పోదు. కానీ టిక్కీల లారీకి ఖాళీ ట్రాక్టరు బరువుతో చీటీ ఎట్లా కొట్టటం?

వంగింది. పీకింది. గుచ్చింది.

తెర నల్లబడింది. ఆవాలు చల్లినట్టు అక్షరాలు పడ్డాయి.

ఈసారి ఫోను చేతిలోనే ఉంది. ఫొటో తీస్తే కిటికీ వెలుతురు తెర మీద పడి సగం తెల్లగా వచ్చింది. లేచి కిటికీ రెక్క వేసింది. ఆ చప్పుడుకి నాగేంద్రబాబు వచ్చాడు.

"మళ్ళీ పోయిందా? చెప్పానా లేదా? జరుగు, జరుగు."

ఖైరున్నీసా జరగలా. బల్ల పక్కకి వచ్చి యూపీఎస్‌కి అడ్డం నిలబడింది.

"ఏందమ్మా ఇది?"

"కాసేపు ఆగండి."

"బయట లారీ ఉంది!"

"ఉంటదండీ. కాసేపు."

ఆడమనిషిని నెట్టి బొత్తాం నొక్కలేడు. ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బయట హారన్లు. గేటు కాడ ఉండే ఎలీషా తలుపు దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. పెద్దవాడు, తెల్ల గడ్డం.

"ఎలీషా బాబాయ్, డ్రైవర్ని పలక మీంచి దిగమని చెప్పు. రెండు నిమిషాలు," అంది ఖైరున్నీసా. నాగేంద్రబాబు వంక చూడకుండానే చెప్పింది.

చున్నీతో తెర అద్దం తుడిచింది. మిరప ధూళి ఎర్రగా అంటుకుంది గుడ్డకి. ఫొటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి, పై వరస కనపడతందా లేదా అని చూసుకుంది. మధ్యలో ఒకచోట మసకేసింది. మళ్ళీ తీసింది. వెనక వైరు ఫొటో తీసింది. వైరు మీద చిన్న అక్షరాలుంటే అవి కూడా తీసింది. అప్పుడు పక్కకి జరిగింది.

"నొక్కండి."

నాగేంద్రబాబు బొత్తాం నొక్కి, ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు. "యలమందయ్య గారూ, మళ్ళీ పోయిందండీ," అనటం కిటికీలోంచి వినపడింది. "రేపు పొద్దున మీరొకసారి రావాలండీ."

సాయంత్రం పని దిగి కోటేష్ కొట్టుకి పోయింది ఖైరున్నీసా. వాడు ఫొటోలు చూసి, "అబ్బ, ఎంత బాగా తీశావక్కా," అన్నాడు. వాళ్ళకి కబురు రాసే చోట ఫొటోలు పెట్టాడు. కంప్యూటరు ఏ రకమో, వైరు ఏ రకమో రాశాడు. అక్కడ ఆగాడు.

"పడే ముందు ఏం చేస్తన్నావు?"

కొట్టు ముందు నుంచి నీళ్ళ ట్యాంకరు ఒకటి పోయింది. అది పోయిందాకా ఆమె చూసింది.

"వైరు పీకి పెట్టా."

కోటేష్ చేతులు బల్ల మీద నుంచి తీసేశాడు.

"ఎప్పుడూనా?"

"కరెంటు పోయొచ్చినప్పుడల్లా. పీకకపోతే బరువు మారదు."

"అక్కా, ఇది దాచి ఉంచే చోటు కాదు. ఎవరైనా చదవచ్చు. పైగా మొన్న నాగేంద్రబాబు గారు రాసిందాని కిందే రాయాలి, అంటే ఆయన ఫోనుకి కూడా పోయిద్ది. నీ చేతిమీదే పోతందని ఆయన అనేది. నువ్వే రాసిచ్చినట్టు అయిద్ది. కరెంటు పోయి వస్తే పడింది అని రాద్దామా? అదీ నిజమేగా."

"అట్లా రాస్తే వాళ్ళకి తెలుసుద్దా?"

కోటేష్ తల గీరుకున్నాడు. "తెలియకపోవచ్చు. వాళ్ళు అక్కడ కరెంటు తీసి పెట్టి చూస్తారు. వైరు పీకరు కాబట్టి పడదు. మా దగ్గర పడలేదు అని మూసేస్తారు."

"మరింకెందుకు ఈ ఫొటోలన్నీ?"

"నీ పని సంగతి చెప్తన్నా అక్కా."

ఖైరున్నీసా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. కుడిచేతి బొటనవేలి మీద వైరు గుచ్చీ గుచ్చీ చిన్న కాయ కాసింది.

"రాయి," అంది. "నేనే పీకానని రాయి. ఏ చేత్తో పీకానో అడిగితే అదీ రాయి."

పొద్దున్నే యలమందయ్య వచ్చాడు. తెల్ల పంచె, బుగ్గన వక్కపలుకు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కిటికీ పక్కన కూర్చున్నాడు. నాగేంద్రబాబు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతంది.

"నేను చెప్తే ఏదో కక్ష కట్టి చెప్తన్నాను అనుకుంటారని ఊరుకున్నానండీ. ఇప్పుడు ఆమే రాసింది. చదువుతా వినండి. 'ఐ రిమూవ్డ్ ది కేబుల్.' వైరు పీకింది నేనే అని. ఊరందరికీ కనపడేటట్టు రాసింది."

యలమందయ్య ఖైరున్నీసా వంక చూశాడు.

"పీకావా అమ్మాయ్?"

"పీకానండీ."

"ఎందుకు?"

"కరెంటు పోయొస్తే కంప్యూటరులో ముందు బండి బరువే ఉంటదండీ. పీకి పెడితేనే మారుద్ది."

"చూశారా!" అన్నాడు నాగేంద్రబాబు. "మా బావమరిదిని ఇవాళ నుంచి పగలు కూడా కూర్చోమని చెప్పేశా."

అప్పుడు కోటేష్ బండి ఆపి లోపలికి వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే ఫోను ముందుకు పెట్టాడు.

"జవాబొచ్చిందండీ. మనం పడుకున్నప్పుడు రాశారు." తెలుగులో చెప్తా చదివాడు. "అక్కడ వాళ్ళు కూడా అట్లాంటి వైరే తగిలించి, బరువు వచ్చేటప్పుడు పీకి పెట్టి చూశారంట. వాళ్ళదీ పడిందంట. వైరు పీకినంత మాత్రాన మొత్తం పడిపోకూడదు, అది మా తప్పు అన్నారు. ఇన్నాళ్ళూ ఎవరెవరో పడిపోయింది, పడిపోయింది అని రాస్తన్నారంట గానీ ఏం చేస్తే పడిందో ఒక్కళ్ళూ చెప్పలేదంట. నాలుగు రోజుల్లో దిద్ది పంపిస్తామన్నారు. దిద్దిన దాని కింద కబురు చెప్పినవాళ్ళ పేరు వేస్తారంట. అక్కా, నీ పేరు స్పెల్లింగు అడిగారు. ఆధార్‌లో ఉన్నట్టు రాయనా?"

"ఆధార్‌లో తప్పు పడింది," అంది ఖైరున్నీసా. "నేను చెప్తా."

యలమందయ్య వక్కపలుకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చాడు. ఆయన ఆలోచన కాటా ముల్లు లాగా మెల్లిగా తిరుగుద్ది.

"వైరు పీకితే కంప్యూటరు పడిద్ది," అన్నాడు.

"ఒక్కోసారి పడిద్దండీ," అన్నాడు కోటేష్.

"పీకకపోతే బరువు మారదు."

"మారదండీ."

యలమందయ్య తలుపు వైపు తిరిగాడు. "ఎలీషా, రాత్రిళ్ళు మనకి కరెంటు పోదా?"

"ఎందుకు పోదయ్యా," అన్నాడు ఎలీషా. "పగటికన్నా రాత్రే ఎక్కువ."

"మరి రాత్రి వైరు ఎవరు పీకుతారు?"

ప్రింటరు పక్కన ఫ్యాను తిరగతా చీటీల కట్ట కొసలు టపటపలాడిస్తంది.

"మావాడికి అనుభవం అండీ," అన్నాడు నాగేంద్రబాబు. "అంకె కదలకపోతే వాడు కంగారు పడడు. పెట్టె వంక కూడా చూడక్కర్లా, టైర్లు ఎంత అణిగాయో చూసి బరువు చెప్పేస్తాడు. చేత్తో కొట్టేస్తాడు. పెద్ద తేడా ఉండదు, ఏదో అటో ఇటో..."

అని అక్కడ ఆగాడు. తను ఏమన్నాడో తనకే అప్పుడు వినపడింది.

కిటికీ అవతల నుంచి హనుమాయమ్మ గొంతు వచ్చింది. "అయితే నా కాయకి వాడు టైర్లు చూశాడా? కొత్త టైర్లు వేయించుకొచ్చా నాయనా నేను! అణగకపోతే కాయ తగ్గినట్టా?"

యలమందయ్య లేచాడు. నాగేంద్రబాబు వంక చూడలా.

"పగలు ఈ అమ్మాయే కూర్చుంటది," అన్నాడు. "మీ బావమరిదిని సాయంత్రం నా దగ్గరికి రమ్మను. ఎలీషా, ఆ ట్రాక్టరు కాటా ఎక్కించు."

ట్రాక్టరు వేపచెట్టు కింద నుంచి వెనక్కి తిరిగి మెల్లిగా పలక ఎక్కింది. ఇనుము కిర్రుమంది. ఎలీషా డ్రైవర్ని దిగమన్నాడు. హనుమాయమ్మని కూడా పక్కకి రమ్మన్నాడు, పలక మీద కాలు పెట్టొద్దని.

అప్పుడే కరెంటు పోయింది.

జనరేటరు లేచింది. పెట్టెలో ఎర్ర అంకె వెలిగింది. కంప్యూటరులో పొద్దున పోయిన పత్తి లారీ బరువు అట్లాగే ఉంది. అందరూ దాన్నే చూశారు.

"దిద్దింది ఇంకా రాలేదండీ," అన్నాడు కోటేష్. "పీకితే పడొచ్చు."

"పడితే పడనీ," అన్నాడు యలమందయ్య. "తియ్యమ్మా వైరు."

ఖైరున్నీసా ఎడంచేత్తో ఫోను తీసి పట్టుకుంది, అవసరమైతే ఉండాలని. కుడిచేత్తో వంగి వైరు పీకింది. నాగేంద్రబాబు యూపీఎస్ పక్కనే ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. హనుమాయమ్మ కిటికీ దగ్గరికి వచ్చి ఆ రాత్రి ఇచ్చిన చీటీ విప్పి పట్టుకుంది.

ఖైరున్నీసా వైరు గుచ్చింది.

తెర మీద పత్తి లారీ బరువు పోయింది. సున్నా వచ్చింది. తర్వాత అంకె కదలటం మొదలుపెట్టింది.